ఇరువదియొక్క అంకెల పాఠము

14,75,73,95,25,89,67,64,12,927. ఇది ఇరువదియొక్క అంకెల సంఖ్య. నోటితో చెప్పవలెనన్న పదునాలుగు లక్షల డెబ్బదియైదువేల కోట్ల కోట్లకు పైమాట. అంకెల అమరికలో ఒక క్రమము కానరాదు. చూచినవారెవ్వరును దీనియందు విశేషమున్నదని అనుకొనరు. అయినను ఇది ప్రధాన సంఖ్యయా, కాదా అను ప్రశ్న ఐరోపా గణితమున రెండువందల ముప్పదియేండ్లకు పైగా నిలిచి యుండెను. ఆ ప్రశ్న తీరిన తరువాతను, దీని కారణాంకములెవ్వియో తెలియుటకు మరి ఇరువదియేడేండ్లు పట్టెను. ఆ చరిత్రలో నేటి మన తరగతి గదులకు మిక్కిలి అవసరమైన పాఠమొకటి కలదని మా విశ్వాసము.

ఈ సంఖ్య పుట్టుకను తెలిసికొనుట కష్టము కాదు. చదరంగమును కల్పించినవాడు రాజును కోరిన బహుమానపు కథ ప్రతి బడిలోను చెప్పుకొనునదే. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు గడిగడికి ఇబ్బడి చేయుచు అరువదినాలుగు గళ్ళను నింపిన యెడల గింజల మొత్తము 2⁶⁴ − 1 అగును. ఆ పలకకు మరి మూడు గళ్ళు చేర్చి లెక్క సాగించినచో 2⁶⁷ − 1 వచ్చును. అదియే మన సంఖ్య. రెంటిని అరువదియేడు మారులు వేసి గుణించి, తుదకు ఒకటి తీసివేయుటయే పని. ఓపిక గల ఏడవ తరగతి విద్యార్థి ఒక సాయంకాలమున చేయగలడు.

ఒకటి కంటె పెద్దదై, ఒకటిచేతను తనచేతను తప్ప మరి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడని సంఖ్యను ప్రధాన సంఖ్య యందుము. అట్లు కానిది సంయుక్త సంఖ్య. చదరంగపు గింజల సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615. ఇది అయిదుతో ముగియుచున్నది గనుక అయిదుచేత భాగింపబడునని చూచినంతనే తెలియును. ఇది యాదృచ్ఛికము కాదు. ఘాతాంకము సంయుక్తమైనచో, ఈ తీరున పుట్టిన సంఖ్యయు సంయుక్తమే అగును. 2⁶ − 1, అనగా 63, ఇందుకు నిదర్శనము. ఆరునకు రెండును మూడును కారణాంకములు గనుక, 2² − 1 అయిన 3ను, 2³ − 1 అయిన 7ను 63ను భాగించును. కావున ఘాతాంకము ప్రధానమైనప్పుడే అసలు ప్రశ్న పుట్టును.

ఇచ్చట విద్యార్థి జాగ్రత్త వహింపవలెను. ఘాతాంకములుగా 2, 3, 5, 7 తీసికొన్నచో వరుసగా 3, 7, 31, 127 వచ్చును. నాలుగును ప్రధాన సంఖ్యలే. ఇక ఇది నియమమే యని ఎవరికైనను తోచును. తరువాతి ప్రధాన సంఖ్య 11. దానితో వచ్చునది 2047. అది 23ను 89చేత గుణించిన లబ్ధము. నాలుగు నిదర్శనములు కూర్చిన నమ్మకమును అయిదవది కూల్చినది. ఉదాహరణ వేరు, ఉపపత్తి వేరు అను మాటను గంటసేపు ఉపన్యసించుట కంటె ఈ ఒక్క లెక్క చక్కగా బోధించును.

1644లో పారిస్ నగరమున మారెన్ మెర్సెన్ అను క్రైస్తవ సన్న్యాసి ఒక గ్రంథము ప్రకటించెను. ఫెర్మా, దెకార్త్ వంటి మహాగణితవేత్తలతో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపిన పండితుడాయన. ఘాతాంకము 257 వరకు గల ఈ జాతి సంఖ్యలలో ప్రధానములు పదునొకండు మాత్రమేయని, వాని ఘాతాంకములు 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 అనియు ఆయన వ్రాసెను. ఉపపత్తి చూపలేదు. ఆ పట్టికలోని 67వ ఘాతాంకపు సంఖ్యయే మనము చెప్పుకొనుచున్నది. మెర్సెన్ చెప్పెను గనుక అది ప్రధానమని లోకము చాలకాలము చెప్పుకొనెను. 1772లో ఆయిలర్ 2³¹ − 1, అనగా 2,14,74,83,647, నిజముగా ప్రధాన సంఖ్యయేయని నిరూపించెను. దానితో పట్టికకు గౌరవము మరింత హెచ్చెను.

ఆ గౌరవమునకు 1876లో దెబ్బ తగిలెను. ఎద్వార్ లూకా అను ఫ్రెంచి గణితవేత్త 2⁶⁷ − 1 ప్రధానము కాదని తేల్చెను. విచిత్రమేమన, దానిని భాగించు సంఖ్య ఒక్కదానినైనను ఆయన చూపలేదు. కారణాంకము దొరకకుండనే సంయుక్తమని చెప్పుట ఎట్లు సాధ్యమని విద్యార్థి అడుగుట న్యాయము. లూకా మార్గమును 1930లో డి. హెచ్. లేమర్ మిగుల సరళము చేసెను. దానిని చిన్న సంఖ్యలపై నల్లబల్లమీదనే చేసి చూడవచ్చును.

నాలుగుతో మొదలిడవలెను. దానిని వర్గము చేసి రెండు తీసివేసిన 14 వచ్చును. 14ను వర్గము చేసి రెండు తీసివేసిన 194. ఇట్లు సాగించుచు, సంఖ్య పెరిగినకొలది పరీక్షింపదలచిన సంఖ్యచే భాగించి శేషమును మాత్రము ఉంచుకొనవలెను. బేసి ప్రధానమైన ఘాతాంకము కంటె రెండు తక్కువ మారులు ఇట్లు చేసిన తరువాత శేషము సున్న అయినచో ఆ సంఖ్య ప్రధానము, కానిచో సంయుక్తము. 31నకు ఘాతాంకము 5 గనుక మూడు మారులు చేయవలెను. 4 తరువాత 14, పిమ్మట 194ను 31చే భాగింపగా మిగులు శేషము 8, దాని వర్గమునుండి రెండు తీసివేయగా 62. దానిని 31చే భాగించిన శేషము సున్న. 31 ప్రధానము. అదే విధమున 2047పై తొమ్మిది మారులు చేసినచో 4, 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736 అని వచ్చును. తుదిశేషము సున్న కాదు. కావున 2047 సంయుక్తము. ఈ లెక్కలో 23 గాని 89 గాని ఎక్కడను తలయెత్తలేదు. దోషి యెవరో తెలియకయే దోషము జరిగినదని నిర్ధారణ చేసినట్లయినది.

ఇక మిగిలినది ఆ కారణాంకములను వెదకి పట్టుట. ఆ పని చేసినవాడు కొలంబియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఫ్రాంక్ నెల్సన్ కోల్. 1903 అక్టోబరులో న్యూయార్కున జరిగిన అమెరికన్ గణిత సంఘ సమావేశమున, పెద్ద సంఖ్యలను కారణాంకములుగా విడదీయుటను గూర్చి ఆయన పత్రము సమర్పించెను. ఆ నాటి సంగతిని గణితచరిత్రకారుడు ఇ. టి. బెల్ తరువాతి కాలమున కథగా వ్రాసెను. కోల్ నల్లబల్ల యొద్దకు పోయి మాటాడక రెండును అరువదియేడు మారులు వేసి గుణించి ఒకటి తీసివేసెనట. బల్లకు రెండవ ప్రక్కను 19,37,07,721 అను సంఖ్యను 7,61,83,82,57,287 అను సంఖ్యచేత గుణించెనట. రెండు ప్రక్కల లెక్కలును ఒక్కటియే అయ్యెను. ఒక్క మాటయైన పలుకకుండ ఆయన తన చోట కూర్చుండగా సభ కరతాళధ్వనులు చేసెననియు, ప్రశ్న అడిగినవారు లేరనియు బెల్ చెప్పుచున్నాడు. ఈ పనికి ఎంతకాలము పట్టెనని తాను తరువాత అడుగగా, మూడేండ్ల ఆదివారములని కోల్ బదులు చెప్పెనని కూడ ఆయన వ్రాసెను.

ఆ ఆదివారములలో జరిగిన శ్రమను ఊహించుటకు ఒక సూచన చాలును. 2⁶⁷ − 1ని భాగించు ఏ సంఖ్యనైనను 134చే భాగించినచో శేషము ఒకటియే కావలెనని ఫెర్మా కాలమునుండియు తెలిసిన సూత్రము చెప్పును. 2047 కారణాంకములైన 23, 89లను 22చే భాగించి చూచిన ఇట్టి సంగతియే కనబడును. కోల్ కనుగొన్న చిన్న కారణాంకమును 134చే భాగింపగా భాగఫలము 14,45,580, శేషము 1. అనగా ఈ సూత్రమొక్కటే ఆధారముగా ఒక్కొక్క సంఖ్యను వరుసగా పరీక్షింప బూనినవాడు పదునాలుగు లక్షలకు పైగా భాగహారములు చేసినగాని గమ్యము చేరడు. భాగహారమునకు అయిదు నిమిషముల చొప్పున, దినమునకు ఎనిమిది గంటలు కూర్చుండినను నలుబదియేండ్లు దాటును. కోల్ అట్లు చేయలేదు. వర్గశేషముల సాయమున, కాదగని సంఖ్యలను గుంపులు గుంపులుగా త్రోసివేయుచు, వెదకవలసిన చోటును ఇరుకు చేసికొనుచు పోయెను. ఓపికకు ఉపాయము తోడైనందుననే నలుబదియేండ్లు మూడేండ్ల ఆదివారములైనవి.

వెదకుటకు ఇంత పట్టినది. సరిచూచుటకు ఎంత పట్టును? పెద్ద కారణాంకమును చిన్నదానిచేత గుణింపవలెను. చిన్నదానిలో తొమ్మిది అంకెలు కలవు. అందొకటి సున్న. ఏడు మూడు మారులు, ఒకటి రెండు మారులు వచ్చినవి. కావున వ్రాయవలసిన వరుసలు ఎనిమిది. నిజముగా గుణింపవలసినది 2, 3, 7, 9 అను నాలుగు అంకెలచేత మాత్రమే. ఎక్కములు వచ్చిన బాలిక అరగంటలో ముగింపగలదు. సామాన్యమైన చేతి గణనయంత్రము ఇచ్చట పూర్తిగా ఆదుకొనదు. పదియో పండ్రెండో అంకెలు చూపి తక్కినవానిని మింగివేయును. మన సంఖ్యకు ఇరువదియొక్క అంకెలును కావలెను.

తొమ్మిదులు త్రోసివేయు పాత పద్ధతియు ఇచ్చట పనికివచ్చును. చిన్న కారణాంకపు అంకెల మొత్తము 37, పెద్దదాని అంకెల మొత్తము 64, లబ్ధపు అంకెల మొత్తము 109. మూడింటిని తొమ్మిదిచే భాగించినను శేషము ఒకటియే. ఒకటిని ఒకటిచే గుణించిన ఒకటియే గనుక లెక్క పొసగినది. అయితే ఇది సాక్ష్యమే గాని తీర్పు కాదు. లబ్ధములో రెండు అంకెలు తారుమారైనను అంకెల మొత్తము మారదు. ఈ పద్ధతి ఎంతవరకు నమ్మదగినదో, ఎచ్చట మోసపుచ్చునో పిల్లలచేతనే కనుగొనజేయుట మంచి బోధన.

కలుపుట సులభము, విడదీయుట దుర్లభము అను ఈ వ్యత్యాసము మన గణితగ్రంథములకు కొత్త కాదు. తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట రాజైన అమోఘవర్షుని కాలమువాడు మహావీరాచార్యుడు. ఆయన గణితసారసంగ్రహమునే పావులూరి మల్లన తెనిగించెను. గుణకార ప్రకరణమున మహావీరుడు, లబ్ధము కంఠహారమువలె అమరు లెక్కలను ఇచ్చినాడు. 1,52,207ను 73చేత గుణించిన 1,11,11,111 వచ్చును. గుణించి చూచుట నిమిషము పని. ఎనిమిది ఒకట్లను మాత్రమిచ్చి, ఇవి దేనిని దేనిచేత గుణింపగా వచ్చినవో చెప్పుమన్నచో అదే విద్యార్థి చాలసేపు ఆలోచింపవలసి వచ్చును. 1111ను 10,001చే గుణించిన ఆ హారము వచ్చునని తట్టినవానికి దారి తెరచుకొనును. అప్పుడు 11, 73, 101, 137 అను నాలుగు పూసలును బయటపడును.

ఈ వ్యత్యాసము గణితపుస్తకములను దాటి నేటి లోకవ్యవహారమున ప్రవేశించినది. 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్మన్ అను ముగ్గురు దీనినే పునాదిగా చేసికొని రహస్యలేఖన పద్ధతియొకటి రచించిరి. రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధమును బహిరంగముగా ప్రకటింపవచ్చును. ఆ రెంటిని విడదీయగలవాడే రహస్యమును చదువగలడు. ఆ సంవత్సరమే వారు సవాలుగా విడిచిన 129 అంకెల సంఖ్యను 1994లో గాని విడదీయలేకపోయిరి. అందుకు దేశదేశములనుండి సుమారు ఆరువందలమంది తమ కంప్యూటర్లతో తోడ్పడవలసి వచ్చెను. పెద్ద సంఖ్యలను సామాన్య కంప్యూటరుపై వేగముగా విడదీయు మార్గమును నేటివరకు ఎవ్వరును ప్రకటింపలేదు.

ప్రధానమా, కాదా యను ప్రశ్న మాత్రము అంత కఠినము కాదని మన దేశమువారే నిరూపించిరి. కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆచార్యుడు మణీంద్ర అగ్రవాల్, అప్పుడే పట్టము పుచ్చుకొన్న విద్యార్థులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి 2002లో, ఏ సంఖ్యకైనను నిశ్చయముగా వర్తించునట్టియు, అంకెలు పెరిగినను శ్రమ అదుపు తప్పనట్టియు పద్ధతిని ప్రకటించిరి. లూకా చూపిన మార్గమును ఇంకను జీవించియున్నది. 2024 అక్టోబరులో ప్రకటింపబడిన ప్రధాన సంఖ్యకు ఘాతాంకము 13,62,79,841, అంకెలు 4,10,24,320. అంతవరకు తెలిసిన ప్రధాన సంఖ్యలలో అది అతిపెద్దది. దానిని నిర్ధారించుటకును లూకా, లేమరుల పరీక్ష తోడ్పడెను.

ఇంతకును మెర్సెన్ పట్టిక గతి ఏమయ్యెను? దానిని ఆసాంతము సరిచూచుట 1947 నాటికిగాని పూర్తి కాలేదు. 67, 257 అను రెండు ఘాతాంకములు అందుండరానివి. 61, 89, 107 అను మూడు ఉండవలసియుండియు లేనివి. పదునొకండు పేర్ల పట్టికలో అయిదు దోషములు చాలకాలము నిలిచినవన్నమాట. ఇందుకు మెర్సెనును నిందింపబనిలేదు. ఆయన వేసిన పట్టికయే అందరిని ఆ దారికి తెచ్చినది. అచ్చుపడినది గనుక, పెద్దవారు చెప్పిరి గనుక ఒప్పుకొనుట యను అలవాటే మన విచారణకు తగినది.

ఆ అలవాటు మన బడులలో ప్రతిదినమును కనబడుచున్నది. విద్యార్థి లెక్క చేయును. పుస్తకము చివర అచ్చైన జవాబుతో అది పొసగదు. అప్పుడు పదిమందిలో ఎందరు తమ లెక్కను మొదటినుండి సరిచూతురు? ఎందరు నడిమి మెట్టును చెరిపి, అచ్చులోని జవాబు వచ్చునట్లు దిద్దుకొందురు? జవాబు సరియైన మార్కు దొరకునని వాడెరుగును. సరిచూచినందుకు మార్కు లేదనియు ఎరుగును. నేడు పుస్తకపు చివరిపుటతోపాటు చేతిలోని యంత్రములును క్షణములో జవాబు లిచ్చుచున్నవి. అవి తప్పు చెప్పినప్పుడును ఒప్పు చెప్పిన స్వరముతోనే చెప్పును. జవాబు దొరకుట ఎంత సులభమైనదో, దానిని పరీక్షించు శక్తి అంత విలువైనదగుచున్నది. ఆ శక్తిని బడి ఇయ్యనియెడల మరెవరు ఇత్తురు?

పాఠ్యప్రణాళిక పెద్దది, కాలము చిన్నది, ఇట్టి వానికి తీరిక ఎక్కడ అని ఉపాధ్యాయులు అనవచ్చును. వారి కష్టము మేమెరుగనిది కాదు. అయినను సంవత్సరమున ఒక్క పీరియడు అడుగుచున్నాము. తరగతిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుచేత రెండును అరువదియేడు మారులు వేసి గుణింపజేసి ఒకటి తీసివేయింపుడు. రెండవ జట్టునకు కోల్ కనుగొన్న రెండు సంఖ్యల నిచ్చి, ఎనిమిది వరుసలును పంచి గుణింపజేయుడు. రెండు జట్లును ఒకరి లెక్క నొకరు చూడరాదు. తుదకు రెండు లబ్ధములును నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాయింపుడు. పొసగకున్న మరియు మంచిది. తప్పు ఏ వరుసలో దొరలినదో పిల్లలే వెదకవలెను. దిద్దుటకు ఉపాధ్యాయుడు తొందరపడరాదు.

ప్రశ్నపత్రములు కూర్చువారికిని ఒక మనవి. ప్రతి పరీక్షలోను ఒక ప్రశ్న జవాబు నడుగునది కాక, ఇచ్చిన జవాబును పరీక్షింపుమనునది కావలెను. అచ్చైన లెక్కలో దోషమును పట్టి, అది దోషమేయని కారణముతో నిరూపించిన విద్యార్థికి నిండు మార్కులు రావలెను.

రాజాజ్ఞచేత గాని, పండితుని పేరుచేత గాని 23ను 89చే గుణించిన లబ్ధము మారదు. కోల్ మూడేండ్లు వెచ్చించి కనుగొన్న దానిని పల్లెటూరి బాలిక అరగంటలో సరిచూచి, ఔను నిజమేయని చెప్పగలదు. ఆ మాట చెప్పుటకు ఆమెకు పట్టము అక్కరలేదు, ఒకరి అనుమతి అక్కరలేదు. పెద్దలయెడ వినయమును, సత్యమును తానే పరీక్షించు ధైర్యమును ఆ అరగంటలో ఆమె ఒక్కమారే నేర్చుకొనును. ఈ ఆదివారము మన యిండ్లలో ఒక కాగితము, ఒక పెన్సిలు తీసికొని ఆ ఎనిమిది వరుసలను వ్రాసి చూడుమని విద్యార్థులను కోరుచున్నాము. మా మాటను నమ్మి ఊరకుండవలదు.